దీపం ఆరితే మాట్లాడుకుంటున్నట్టు

ముందు గది, కిటికీ పక్క బల్ల
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం గురించే ఈ ఉత్తరం.

పోయిన ఆదివారం ఫోన్‌లో "జ్వరం తగ్గిందా" అని అడిగాను. "లేదమ్మమ్మా, ఇంకా కొనలేదు" అన్నావు. అంతకు ముందు వారం "గదిలో కిటికీ బాగు చేయించారా" అంటే నవ్వావు. అది నవ్వే మాట కాదు. మొదట పరధ్యానం అనుకున్నాను. పరధ్యానంలో ఉన్నవాళ్లు "ఆఁ? ఏమన్నావు?" అంటారు. నువ్వు అలా అడగడం మానేశావు. అడిగి అడిగి సిగ్గుపడినవాళ్లు మాత్రమే అడగడం మానేస్తారు.

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన మనిషిని. మొదట ఆపరేటరుగా, తర్వాత ఆడపిల్లల వరసకు సూపర్‌వైజరుగా. వాళ్ల కుర్చీల వెనక నడుస్తూ చూడటమే నా పని. ఎవరికి నిద్ర చాలలేదో, ఎవరింట్లో గొడవయిందో, ఎవరి చెవి మొరాయిస్తోందో వీపు చూసి చెప్పేదాన్ని. ఫోన్‌లో నీ వీపు కనబడదు గాని, నువ్వు మాటను తడుముకోవడం కనబడుతోంది.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఒక చెవా, రెండూనా? డాక్టరుకు చూపించావా? ఆఫీసులో తెలుసా?

మీ అమ్మ వేరే విధంగా అనుకుంటోంది. పక్క వీధే కదా, రోజూ సాయంత్రం వచ్చి "ఉద్యోగం రాగానే దానికి కొమ్ములొచ్చాయి, నేను ఫోన్ చేస్తే ఎత్తదు" అని దండకం చదువుతోంది. నేను ఏమీ అనలేదు. నువ్వు చెప్పేవరకు అనను.

ఫోన్ చేయకు, ఉత్తరం రాయి. ఉత్తరానికి చెవులతో పని లేదు. నన్ను ఊరడించే మాటలు వద్దు. అడిగినవాటికి జవాబులు కావాలి.

అమ్మమ్మ

*

హాస్టల్, పై అంతస్తు గది
గురువారం

అమ్మమ్మకి,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివేశాను. తర్వాత గదిలోకి వచ్చి కాసేపు ఏడ్చాను. దొరికిపోయినందుకు కాదు, ఇంక నీ దగ్గర నటించక్కర్లేదని.

అడిగినవాటికి జవాబులు. రెండు చెవులూ. కుడిది ఎక్కువ. డాక్టరుకు చూపించాను. లోపలి నరం నీరసపడుతోందట, ఇది వెనక్కి వచ్చేది కాదట, నెమ్మదిగా ముందుకే పోతుందట. చెవిలో పెట్టుకునే మిషన్ తీసుకోమన్నాడు. ఇంకా తీసుకోలేదు. మొదట సన్నటి చప్పుళ్లు పోతాయట. పిట్టలు, చెంచాలు, సెల్‌ఫోన్ మోతలు. మా ఆఫీసు "టింగ్" సరిగ్గా అందులోనే పడింది.

ఆఫీసులో తెలియదు. మా పనేమిటో నీకు చెప్పాను కదా. మందులు దాచే చల్లగదులు ఊరి బయట ఉంటాయి, వాటి వేడి మేము ఇక్కడ కంప్యూటర్లో చూస్తూ కూర్చుంటాం. ఏ గది వేడెక్కినా ఒక కబురు వస్తుంది, దానితో పాటు టింగ్‌మంటుంది. కబురు తెర మీద మిగతా పేజీల వెనక పడి కనబడదు, చప్పుడే దిక్కు. వినగానే చూసి, అక్కడున్న మనిషిని ఫోన్ చేసి లేపాలి. ఈమధ్య రెండుసార్లు పక్క బల్ల ఆయన "నీదే మోగుతోంది" అని చెప్తే గాని తెలియలేదు. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, అందరి పనీ సరిచేస్తూ తిరుగుతాడని మేస్త్రి అని పిలుస్తాం. ఇంకా ఎన్నిసార్లు చెప్తాడు? వానాకాలం ముగిసేలోపు మా బ్యాచ్‌లో ఎవరిని పర్మనెంట్ చేయాలో తేలుస్తారు. చెవుల సంగతి బయటపడితే నన్ను ఆ కుర్చీలో కూర్చోనివ్వరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, ఇక్కడ శంఖం కాపలాకే చెవిటిదాన్ని పెట్టినట్టు అవుతుంది.

అందుకని ఒక యూఎస్‌బీ లైటు కొన్నాను. బొటనవేలంత ఉంటుంది. కంప్యూటర్ పక్కనున్న రంధ్రంలో గుచ్చితే చాలు, కరెంటు అక్కడినుంచే తీసుకుంటుంది. కబురు వచ్చినప్పుడు అది వెలిగేలా ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఉత్సాహం కొద్దీ రంగులన్నీ పెట్టేశాను. ఇప్పుడు నా బల్ల సర్కస్ డేరాలా ఉంది. ఏ రంగు దేనికో నాకే గుర్తుండటం లేదు. ఎవరికీ కనబడకుండా పెన్నుల డబ్బా వెనక పెట్టాను.

నువ్వు ఏళ్ల తరబడి దీపాలు చూసి పని చేశావు. ఎలా చూసేవాళ్లు? ఏది చూడాలో, ఏది వదిలేయాలో ఎలా తెలిసేది? నాకు చెప్పు.

అమ్మకు మాత్రం చెప్పకు. "పెట్టె సర్దుకుని వచ్చెయ్" అంటుంది. నాకు ఈ ఉద్యోగం కావాలి అమ్మమ్మా. చెవుల వల్ల పోయింది అనిపించుకోవడం ఇష్టం లేదు.

నీ మనవరాలు

*

ముందు గది
మంగళవారం

చిరంజీవి మనవరాలికి,

జవాబులు వరసగా రాశావు, సంతోషం. మిషన్ ఎందుకు తీసుకోలేదో రాయలేదు. అది బాకీ.

నీ రంగుల గురించి. కంటికి ఒకేసారి అన్నీ చెప్పాలనుకునేవాడు ఏదీ చెప్పలేడు. రెండు రంగులు చాలు. మా బోర్డు ఎలా ఉండేదో రాస్తాను, దాన్ని చూసి చేసుకో.

పొడుగాటి హాలు. ఒక గోడంతా బోర్డు. ప్రతి నంబరుకూ కందిగింజంత దీపం, దాని కింద ఒక రంధ్రం. ఊళ్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే ఆ నంబరు దీపం వెలుగుతుంది. మేము తీగ తీసి ఆ రంధ్రంలో గుచ్చి ఏ నంబరు కావాలని అడుగుతాం. దీపం ఆరిపోతుంది. జతలోని రెండో తీగను వాళ్లడిగిన నంబరులో గుచ్చుతాం. ప్రతి జత తీగలకూ మా ముందు బల్ల మీద రెండు దీపాలు ఉండేవి. అటూ ఇటూ మనుషులు మాట్లాడుకుంటున్నంతసేపూ అవి వెలగవు. ఒకరు ఫోన్ పెట్టేస్తే ఒకటి వెలుగుతుంది. ఇద్దరూ పెట్టేస్తే రెండూ. అప్పుడు తీగలు పీకేయాలి.

కొత్తగా చేరిన పిల్లలందరూ ఇక్కడే పొరబడేవారు. దీపం ఆరిందంటే పని అయిపోయిందనుకుని, మాట్లాడుకుంటున్నవాళ్ల మధ్య తీగ లాగేసేవారు. అవతల తిట్లు. నేను ఒక్కటే మాట నేర్పేదాన్ని. దీపం ఆరితే మాట్లాడుకుంటున్నట్టు. వెలిగితే మన అవసరం పడినట్టు. చీకటిని చూసి కంగారు పడకూడదు, వెలుగును చూసి ఆలస్యం చేయకూడదు.

నీ లైటు కూడా అలాగే ఉండాలి. అంతా బాగుంటే ఆరిపోయి ఉండాలి. కబురు వస్తే ఒక రంగు. నువ్వు చూసి, అవతలి మనిషిని లేపి, పని ముగించాక ఒక్క క్షణం రెండో రంగు. మళ్లీ చీకటి.

ఇంకొక మాట. పెన్నుల డబ్బా వెనక దీపం పెట్టడం నాకు నచ్చలేదు. మా బోర్డు మీద దీపం ఎవరి సొంతమూ కాదు. నా చేతులు ఖాళీ లేకపోతే పక్కమ్మాయి చేయి చాచి అందుకునేది. నేనూ ఆమెది అందుకునేదాన్ని. అందుకే అంత ఊరు అంత కొద్దిమందితో మాట్లాడింది. దీన్ని గురించి ఆలోచించు.

ఈ ఉత్తరం రాస్తుంటే మీ తాతయ్య గుర్తొచ్చారు. ఆయన పనిచేసే కలప డిపోలో ఒకే ఒక ఫోన్ ఉండేది. సాయంత్రం పని ముగించుకుని బయల్దేరేముందు దాన్ని ఎత్తి, పెట్టి, మళ్లీ ఎత్తి, పెట్టేవారు. డిపో నంబరు దీపం మినుకు మినుకుమనేది. మాట లేదు, పద్దు లేదు. నిబంధనల ప్రకారం అది తప్పు. ఇంటికొచ్చాక గట్టిగానే చెప్పాను. ఆయన వినలేదు, నేనూ ఆ దీపం వైపు చూడటం మానలేదు. పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవారు. "మేడమ్, డిపోలో కరెంటు సరిగ్గా లేనట్టుంది" అని ఒకతె. వాళ్లని కసిరేదాన్ని. కసిరినా నా ముఖం నా మాట వినేది కాదట.

మీ అమ్మకు చెప్పను. అయితే సూటిగా అడిగితే అబద్ధం చెప్పను. ఈ రెండూ గుర్తు పెట్టుకో.

అమ్మమ్మ

*

హాస్టల్, పై అంతస్తు గది
శనివారం

పూజ్యులైన సూపర్‌వైజర్ మేడమ్‌కి,

నీ బోర్డు నా బల్ల మీదకు వచ్చేసింది. కబురు వస్తే కాషాయం, పని ముగిస్తే ఒక్క క్షణం ఆకుపచ్చ, తర్వాత చీకటి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్లూ చెవులు రిక్కించి రిక్కించి సాయంత్రానికి మెడ పట్టేసేది. ఇప్పుడు ఆరిపోయిన లైటును చూసి టీ తాగుతున్నాను. ఎక్కడో చల్లగదుల్లో మందులన్నీ బుద్ధిగా పడుకున్నాయి, ఎవరూ నన్ను పిలవడం లేదు, అనుకుంటాను. ఈ వారం ఒక్క కబురు కూడా తప్పిపోలేదు. మా చీఫ్ నా పేరు పిలిచి బాగుందన్నారు. చీఫ్ అంటే మా గదికంతటికీ పెద్ద. ఆవిడ ఎవరినీ ఊరికే మెచ్చుకోదు.

లైటు డబ్బా వెనకే ఉంది. ఆలోచించమన్నావు, ఆలోచించాను, అక్కడే ఉంచాను. అయినా మేస్త్రి కనిపెట్టేశాడు. "బల్ల మీద ట్రాఫిక్ పోలీసుని పెట్టుకున్నావేంటి" అన్నాడు. అలంకారానికి అన్నాను. "ఆకుపచ్చ పడితే నేను క్యాంటీన్‌కి పోవచ్చా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈసారి మాట అర్థమయ్యే నవ్వాను, నన్ను మెచ్చుకో.

తాతయ్య సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదు. నాకు ఆయన దగ్గు, ఆయన చొక్కా జేబులో పెన్సిలు తప్ప ఏమీ గుర్తు లేవు. మినుకు మినుకుమన్నప్పుడు నువ్వు తిరిగి ఏం చేసేదానివి? చెప్పాల్సిందే.

మిషన్ బాకీ తీర్చేస్తాను. అది చెవి వెనక కనబడుతుంది. అందుకే. గోడలకి చెవులుంటాయంటారు, పర్మనెంట్ అయ్యేవరకు వాటిని అడిగి అప్పు తెచ్చుకుంటాను.

అమ్మ గురించి ఒక మాట చెప్పనా? కాలేజీలో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేస్తే నేను వరండా చివరికి పరుగెత్తేదాన్ని. ఆ గొంతుకి అంతస్తంతా తలుపులు తెరిచి చూసేది. "మీ ఇంట్లో ఫోన్ ఎందుకు, కిటికీ తెరిస్తే చాలు కదా" అనేవాళ్లు నా స్నేహితులు. ఎంత సిగ్గుపడేదాన్నో. "మెల్లగా మాట్లాడు" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇప్పుడు ఫోన్‌లో నాకు పూర్తిగా వినబడే గొంతు అదొక్కటే. మిగతావాళ్లవి ముక్కలు ముక్కలుగా వస్తాయి, అమ్మది మాత్రం చివరి అక్షరం దాకా వస్తుంది. అయినా ఎత్తను. నేనే ఇప్పుడు గట్టిగా మాట్లాడుతున్నానని ఈ మధ్య ఇక్కడివాళ్లు అంటున్నారు. రెండు మాటలు వింటే అమ్మ పట్టేస్తుంది. ఎత్తకుండా "పనిలో ఉన్నాను" అని మెసేజ్ పెడుతున్నాను.

నీ మనవరాలు

*

వెనక వరండా
బుధవారం

చిరంజీవి మనవరాలికి,

నీ పని బాగా సాగుతున్నందుకు సంతోషం. మెచ్చుకున్నాను, రాసుకో.

మీ తాతయ్య దీపం మినుకుమంటే తిరిగి చేయడానికి ఏమీ ఉండదు. చూసేదాన్ని. చూస్తానని ఆయనకు తెలుసు. అంతే.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. నిన్న వచ్చింది. ఎప్పటిలా దండకం చదవలేదు. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా కూర్చుంది.

"అమ్మా, దానికి నా మీద కోపమా?" అంది.

"కోపం కాదు."

"మరేంటి?"

"అడగాల్సింది దాన్ని."

"అది ఎత్తితే కదా అడిగేది."

చెప్పను అన్న మాట నిలబెట్టుకున్నాను గాని, ఆ గ్లాసు చల్లారిపోవడం చూస్తూ కూర్చోవడం తేలిక కాదు.

మీ అమ్మ గొంతు గురించి నీకు తెలియనిది ఒకటి రాస్తాను. మా అత్తగారికి, అంటే మీ అమ్మ నాయనమ్మకు, పెద్ద వయసులో చెవులు పూర్తిగా పోయాయి. నేను డ్యూటీకి వెళితే ఇంట్లో ఆవిడా, మీ అమ్మా. బడిలో వేయని వయసు నుంచి మీ అమ్మే ఆవిడకు చెవి. పాలవాడు ఏమన్నాడు, వీధిలో ఏం గొడవ, రేడియోలో ఏం చెప్పారు, అన్నీ ఆ పిల్లే మంచం పక్కన నిలబడి అరిచి చెప్పేది. రేడియోలో నవ్వొచ్చే మాట వస్తే ముందు తను నవ్వి, తర్వాత అరిచి, ఆవిడ నవ్వేవరకు ఆగేది. ఆవిడ పోయేవరకు అలాగే గడిచింది. ఆ తర్వాత గొంతు మళ్లీ కిందికి దిగలేదు. బడిలో కూడా "అరుపుల బుట్ట" అనేవారు. ఒక్కసారి కూడా ఎందుకో ఎవరికీ చెప్పుకోలేదు.

నీకు ఉన్నది ఏమిటో, అది ఉన్నవాళ్లతో ఎలా బతకాలో ఈ ఇంట్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి దగ్గరే నువ్వు దాస్తున్నావు. పెట్టె సర్దుకుని రమ్మంటుందో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. అడగకుండా ఆవిడ తరఫున జవాబు నువ్వే రాసేశావు.

అమ్మమ్మ

*

హాస్టల్
శుక్రవారం

అమ్మమ్మకి,

అంతా అయిపోయింది.

మొన్న మా కంప్యూటర్లను సరిచేసే విభాగం వాళ్లు ఏవో కొత్త మార్పులు చేసి వెళ్లారు. కాసేపు వాడకపోతే లైటు గుచ్చే రంధ్రాలకు కరెంటు దానంతటదే ఆగిపోయేలా పెట్టారట. నాకు తెలియదు. నిన్న పొద్దున్నుంచి లైటు వెలగలేదు. నేను ఏమనుకున్నాను? దీపం ఆరితే మాట్లాడుకుంటున్నట్టు. చీకటిని చూసి కంగారు పడకూడదు. కంగారు పడలేదు. హాయిగా టీ తాగాను. నెలవారీ నివేదిక రాసుకున్నాను.

ఒక చల్లగది తలుపు సరిగ్గా పడక వేడెక్కుతూనే ఉంది. కబురు మీద కబురు వచ్చిందట, టింగ్ మీద టింగ్. మేస్త్రి విన్నాడు. ఆ పిల్ల చూసుకుంటుందిలే అనుకున్నాడు. చివరికి లేచి వచ్చి నా భుజం మీద తట్టాడు.

"నీకు వినబడటం లేదా?"

కోపంగా అడగలేదు. మామూలుగా అడిగాడు. నా నోటినుంచి "లేదు" అని వచ్చేసింది. ఇన్నాళ్లూ దాచింది ఆ ఒక్క మాటతో గదంతా వినేసింది. నేను ఎంత గట్టిగా అన్నానో ఏమో, అందరూ తిరిగి చూశారు.

మందులు పాడవలేదు. అక్కడున్నవాళ్లు పెట్టెల్ని పక్క గదిలోకి మోశారు. సోమవారం చీఫ్ ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. రాజీనామా రాసి పెట్టుకున్నాను. వాళ్లు పొమ్మనకముందే నేనే పోతాను.

నీ మాట నమ్మాను అమ్మమ్మా. నీ చీకటే నన్ను ముంచింది.

*

ముందు గది
ఆదివారం వేకువ, మొదటి బస్సుకు ఇచ్చి పంపుతున్నాను

మనవరాలికి,

నువ్వు సంతకం చేయలేదు. కోపం వచ్చినప్పుడు కూడా సంతకం చేయాలి. ఆ కోపం నీదని తెలియాలి.

నీ కోపం న్యాయమైనదే. ఆరిపోయిన దీపం రెండు రకాలు. పని లేక ఆరింది ఒకటి, పాడై ఆరింది ఇంకొకటి. చూడటానికి రెండూ ఒకటే. మా హాల్లో ప్రతి పొద్దునా మేము రాకముందే మెకానిక్ ఒక మీట నొక్కి అన్ని దీపాలూ వెలుగుతున్నాయో లేదో చూసి, మాడినవి మార్చేవాడు. అందుకే మేము చీకటిని నమ్మగలిగాం. ఆ పని నేను కళ్లారా చూసింది ఒక్కసారే. ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి వచ్చి మా బోర్డు తీసేసే రోజు, పిల్లలందరం చివరిసారి నిలబడి ఉంటే, ఆయన "ఇది మీరెవరూ చూడలేదు కదా" అని మీట నొక్కాడు. గోడంతా ఒక్కసారిగా వెలిగింది. డిపో నంబరు కూడా. మా వరసలో అందరికంటే గట్టి మనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అందంగా ఉందని చూశాను. అది ఒక పని అని, నీకు రాయాల్సిన పని అని తోచలేదు. రోజూ పొద్దున్నే కూర్చోగానే నీ లైటును ఒకసారి వెలిగించి చూడాలి. ఆలస్యంగా చెబుతున్నాను, అయినా చెబుతున్నాను.

రాజీనామా చించెయ్. మా వరసలో ఒకమ్మాయికి ఎడమ చెవి పోయింది. తల ఒక పక్కకు వంచి కూర్చునేది, కొంగ అనేవారు. దాచి దాచి ఒక రోజు దొరికిపోయింది. పై అధికారి పంపించేయమన్నాడు. నేను ఆమెను వరసలో ఎడమ చివరి కుర్చీలోకి మార్చాను. పక్కమ్మాయి ఎప్పుడూ కుడివైపే ఉండేలా. పై అధికారికి ఆమె కలిపిన కాల్స్ లెక్క చూపించాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను దయ చూపలేదు, కుర్చీ మార్చాను. పని చేయగలిగే మనిషికి కావలసింది అదే.

రేపు లైటును తీసుకుని వెళ్లు. చీఫ్ బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టు. ఈ చప్పుడు నాకు వినబడదు, ఈ వెలుగు నాకు కనబడుతుంది అని చెప్పు. తలుపు తీసి ఉన్నంతసేపు ఏం జరిగిందో, ఇకముందు జరగకుండా ఏం చేస్తావో చెప్పు. ఏడవకు. ఏడుపు వస్తే రానివ్వు గాని, చెప్పడం ఆపకు.

ఆఫీసు తర్వాత అమ్మ. ఆఫీసుకు సోమవారం అని గడువు ఉంది. అమ్మకు గడువు లేదు, కనుక వాయిదా వేస్తూనే ఉంటావు. నేను పెడుతున్నాను. సోమవారం సాయంత్రం.

అమ్మమ్మ

*

హాస్టల్, పై అంతస్తు గది
మంగళవారం

అమ్మమ్మకి,

ముందుగా, క్షమించు. ఇది సంతకంతో సహా.

నువ్వు చెప్పినట్టే లైటును చీఫ్ బల్ల మీద పెట్టాను. చెప్పాల్సింది చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది, చెప్పడం ఆపలేదు. ఆవిడ చాలాసేపు ఆ లైటునే చూసింది. తర్వాత నన్ను వెంటబెట్టుకుని మా గదిలోకి వచ్చి, అందరూ చేస్తున్న పని ఆపించి, "ఈ చప్పుడు ఎప్పుడూ తప్పకుండా వినబడేది ఎవరికి? చేతులెత్తండి" అంది. మా గదిలో నెత్తి మీద ఏసీల రొద ఎక్కువ, దానిలో ఆ టింగ్ వాళ్లకూ మునిగిపోతుందని నాకు తోచలేదు అమ్మమ్మా. సగం మందే చేతులెత్తారు. మేస్త్రి ఎత్తి, దించేశాడు. "నేను చాలాసార్లు అది క్యాంటీన్ ఫ్రిజ్ అనుకున్నానండీ" అన్నాడు.

గోడ మీద అందరికీ కనబడేలా పెద్ద లైటు పెట్టిస్తామన్నారు. రోజూ పొద్దున దాన్ని వెలిగించి చూసే పని నాకు అప్పగించారు. ఫోన్‌లో మాట్లాడే పని నా నుంచి తీసేసి మేస్త్రికి ఇచ్చారు, అతని రాతపని నాకు. పర్మనెంట్ సంగతి అడిగాను. "చూద్దాం. ముందు మిషన్ పెట్టించుకో" అంది చీఫ్. ఔననీ కాదు, కాదనీ కాదు. మిషన్‌కి శనివారం వెళ్తున్నాను.

నువ్వు పెట్టిన గడువు దాటలేదు. నిన్న సాయంత్రం అమ్మకు నేనే ఫోన్ చేశాను. ఎత్తగానే "బతికే ఉన్నావా" అంది, ఎప్పటి గొంతుతోనే. ఆ మాట విని ఎంత సంతోషమేసిందో. ఇంక ఆగకుండా మొత్తం చెప్పేశాను. చెవులు, డాక్టరు, లైటు, నువ్వు, మేస్త్రి, అన్నీ. "నీ ఒక్కదాని గొంతే నాకు పూర్తిగా వినబడుతుంది, దానికే సిగ్గుపడ్డాను" అని కూడా చెప్పాను.

అటు నుంచి ఏమీ లేదు.

"అమ్మా" అన్నాను. ఏమీ లేదు. ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాను. అమ్మ మాట్లాడటం లేదో, నాకే వినబడటం లేదో తెలియలేదు. అమ్మ విషయంలో నాకు ఇలా ఎప్పుడూ కాలేదు. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత చూస్తే కట్ అయి ఉంది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నేను అనకూడని మాట అన్నానా? చెప్పడం ఆలస్యం చేశానని నన్ను వదిలేసిందా? ఆఫీసు ఏమైనా ఫర్వాలేదు. ఇది తెలియకుండా ఉండలేను. నువ్వు వెళ్లి చూసి రాయి.

నీ మనవరాలు

*

ముందు గది
బుధవారం

చిరంజీవి మనవరాలికి,

నేను వెళ్లి చూడాల్సిన పని లేకపోయింది. నీ ఫోన్ అయిన వెంటనే చెప్పులు వేసుకోవడం కూడా మరిచి మీ అమ్మే వచ్చింది. గుమ్మంలో నిలబడే "నీకు ముందే తెలుసా?" అంది.

"తెలుసు" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"నెల రోజుల నుంచి."

ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. వంటింట్లో నా గిన్నెలన్నీ తోమింది, తోమినవి కూడా మళ్లీ తోమింది. నాకు రావాల్సింది నాకు వచ్చింది, దాని గురించి నువ్వు బాధపడకు.

పొద్దున నీ ఉత్తరం అందింది. నువ్వు తన గురించి రాసిన భాగం ఆవిడకు చదివి వినిపించాను. "అటు నుంచి ఏమీ లేదు" అన్న వాక్యం దగ్గర నా చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఏమీ లేకపోవడమేంటి? నేను మాట్లాడుతూనే ఉన్నానమ్మా. అది చెప్పడం ఆపిన దగ్గర్నుంచి నేను పెట్టేసేవరకు మాట్లాడుతూనే ఉన్నాను."

"మరి దానికి ఎందుకు వినబడలేదు?"

కాగితం మడిచి నా ఒళ్లో పెట్టింది.

"మెల్లగా మాట్లాడాను" అంది. "దానికి అలా ఇష్టమని."

ఇంత వయసులో నా కూతురు గొంతు తగ్గించి మాట్లాడటం నేను ఎరగను. తగ్గించింది సరిగ్గా నీకు వినబడని రోజే. ఎత్తకపోవడానికి కారణం కూడా అదే. నువ్వు "అమ్మా, అమ్మా" అంటుంటే జవాబు చెబుతూనే ఉందట, నువ్వు వినడం లేదని అర్థమై భయం వేసి పెట్టేసిందట. ఆ తర్వాత ఏ గొంతుతో మాట్లాడాలో తెలియక ఎత్తలేదట.

నీతో ఏం చెప్పిందో అడిగాను. నాకు చెప్పదట. నీకే చెప్పుకుంటుందట. పెట్టె సర్దుకుంది. నిన్ను తీసుకురావడానికి కాదు, అది కూడా నేను సూటిగానే అడిగాను. నాలుగు రోజులు నీ దగ్గర ఉంటుందట. శనివారం మిషన్‌కి తనూ వస్తుందట. ఈ ఉత్తరం కూడా ఆవిడ చేతికే ఇవ్వబోయాను. "నాకంటే ముందు చేరాలి, పోస్టులో వెయ్" అని తిరిగి ఇచ్చేసింది.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు దిగుతుంది. స్టాండుకు వెళ్లకు, దారి తనకు తెలుసట. వచ్చి తలుపు కొడుతుంది. ఎంత గట్టిగా కొట్టినా నీకు వినబడదు.

గడియ వేయకుండా ఉంచు.

అమ్మమ్మ